ఆముదం వాసన వేసే విమానాలు

మొన్న మా ఇంట్లో పాత టేకు బీరువాకి పాలిష్ కొట్టించాం. మేస్త్రి బాల్కనీలో గోనెపట్టా పరుచుకుని, డబ్బా మూత తీసి లాకర్ అనే వార్నిష్‌లో థిన్నర్ కలిపాడు. ఆ వాసన హాల్లోకి రాగానే మా ఆవిడ ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకుని కిటికీలన్నీ బార్లా తెరిచింది. నేను మాత్రం కుర్చీ తీసుకెళ్లి బాల్కనీ గుమ్మం దగ్గరే వేసుకున్నాను. "తలనొప్పి వస్తుంది, లోపలికి రండి" అంది. కాసేపు ఉండి వస్తానన్నాను. మేస్త్రి పని ముగించి సామాను సర్దుకునేదాకా లేవలేదు.

అది డోప్ వాసన. బొమ్మ విమానాల రెక్కలకి పల్చటి కాగితం అంటించి, పైన పూసే వార్నిష్‌ని మేం డోప్ అనేవాళ్లం. బీరువాకి పూసే లాకర్‌లోనూ, ఆ డోప్‌లోనూ ఉండేది ఒకటే సరుకు, నైట్రోసెల్యులోజ్. దాన్ని పల్చన చేసే థిన్నర్లూ ఇంచుమించు ఒకటే, అందుకే వాసనలో పెద్దగా తేడా ఉండదు. ఎన్నేళ్లయిందో ఆ వాసన పీల్చి! మేస్త్రి బ్రష్ లాగుతుంటే నాకు బీరువా కనిపించలేదు. పొడవాటి బల్ల, దాని మీద గుండుసూదులతో బిగించిన రెక్కల చట్రాలు, పక్కన సీసామూతలో కొద్దిగా పోసుకున్న డోప్, అవన్నీ కనిపించాయి.

* * *

అయితే నా విమానాలు ఆ బల్ల దగ్గర మొదలుకాలేదు. కొండపల్లిలో మొదలయ్యాయి.

మాది ఇబ్రహీంపట్నం. అమ్మమ్మగారి ఊరు కొండపల్లి, సైకిలు మీద పావుగంట. శనివారం ఒంటిపూట బడి వదిలితే చాలు, సంచీ ఇంట్లో పడేసి అక్కడికి పరుగు. అమ్మమ్మ వాళ్ల వెనక వీధిలో అన్నీ బొమ్మలు చేసే ఇళ్లే. పొద్దున లేస్తూనే బాడిస దెబ్బలు వినిపించేవి. ఒక ఇంట్లో టక్ టక్, పక్కింట్లో ఆకురాయి గరగర. వీధి మొదట్లో పొట్టు రాజేసి పెట్టేవాళ్లు. దాని వేడి మీద పొణికి చెక్కలు పేర్చి తడి పోగొట్టేవాళ్లు. మంట కనిపించేది కాదు, సన్నటి పొగ మాత్రం ఉండేది. మా చొక్కాలకి ఆ వాసన పట్టేసేది.

కొండపల్లి బొమ్మలు తెల్లపొణికి చెక్కతో చేస్తారని అందరికీ తెలిసిందే. చేత్తో పట్టుకుంటే గానీ ఆ చెక్క ఎంత తేలికో తెలియదు. అంబారీ ఏనుగుని ఒంటి చేత్తో ఎత్తి చూస్తే లోపల బోలుగా ఉందేమో అనిపించేది. ఒక్కో భాగం విడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపప్పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఏనుగు తొండం, తాడిచెట్టు మట్టలు, ఎడ్లబండి చక్రాలు, అన్నీ అలా అతికినవే. తర్వాత సుద్ద, ఆ పైన రంగులు.

ఆ వీధిలో ఒక పెద్దాయన ఉండేవారు. మేం తాతగారూ అనేవాళ్లం. చలువ పందిరి కింద గొంతుక్కూర్చుని, పాదాల మధ్య చెక్క నొక్కిపెట్టి చెక్కేవారు. ఒకరోజు దగ్గరికెళ్లి అడిగాను.

"తాతగారూ, విమానం చేస్తారా?"

"పుష్పకమా? చేస్తా కూర్చో."

"పుష్పకం కాదండీ, ఎగిరేది."

ఆయన బాడిస పక్కన పెట్టి నా వంక చూశారు. గన్నవరం విమానం ఒకటి అప్పుడప్పుడూ మా మీదుగా పోయేది. దాని చప్పుడు వినగానే పిల్లలందరం చేతిలో పని వదిలేసి పరుగెత్తేవాళ్లం. ఆయన కూడా చూసే ఉంటారు. "ఎగరాలంటే నా చేతిలో లేదబ్బాయ్. నువ్వే చెయ్. చెక్క నేనిస్తా" అన్నారు. పారేసే ముక్కల్లోంచి పొడవాటివి రెండు ఏరి, బాడిసతో అట్టంత పల్చగా చీల్చి ఇచ్చారు. ఆకురాయి కూడా కాసేపు వాడుకోనిచ్చారు. ఒంటికి వెదురుబద్ద, రెక్కలకి పొణికి. తోకకి పోస్టుకార్డు ముక్క.

విసిరితే లేచింది, తల పైకెత్తింది, ఆగింది, వెనక్కి జారి పడింది. మళ్లీ విసిరితే మళ్లీ అంతే. ఏడుపు మొహం పెట్టుకుని తీసుకెళ్తే తాతగారు దాన్ని వేలి మీద నిలబెట్టి చూశారు. "బాణానికి ముందు ములికి ఎందుకు పెడతారురా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా, మూకుట్లోంచి రేగుపండంత మక్కు తీసి విమానం ముక్కుకి అద్దారు. "ఆరనీ, అప్పుడు విసురు."

ఆ విమానం వీధి ఈ చివర నుంచి అమ్మమ్మ వాళ్ల దొడ్డిగోడ దాకా వెళ్లింది. నేలకి నడుమెత్తున, తిన్నగా, ఎక్కడా తొందర లేకుండా. దారిలో ఒక కోడి పక్కకి తప్పుకుంది. ఆ కోడి రంగు కూడా నాకు గుర్తే, ఎర్రది. తాతగారు చదువుకున్న మనిషి కాదు. గురుత్వ కేంద్రం అన్న మాట ఆయన నోట రాలేదు, నాకూ అప్పటికి తెలియదు. కానీ కాలేజీలో లెక్కలు వేసి నేర్చుకున్నది అదే మక్కుముద్ద.

తర్వాత మా దృష్టి ఖిల్లా మీద పడింది. రెడ్డిరాజుల నాటి కోట, ఊరి నెత్తిన. బాబ్జీ అని మేం పిలిచే మా మావయ్య కొడుకూ నేనూ విమానాలు కండువాలో చుట్టుకుని పైకెక్కేవాళ్లం. పైన నిలబడితే ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ పొగగొట్టం కనిపించేది. పొగ ఎటు వంగితే గాలి అటు వీస్తున్నట్టు లెక్క. పొగ నిట్టనిలువుగా లేస్తే బాబ్జీ "ఇప్పుడు!" అని అరిచేవాడు. బురుజు పక్క నుంచి వదిలితే విమానం చెట్ల మీదుగా జారుతూ, చిన్నదవుతూ, ఓ తెల్లచుక్కయ్యి, ఎక్కడో ఆకుల్లో కలిసిపోయేది. దొరికేది కాదు. దొరకదని తెలిసే తీసుకెళ్లేవాళ్లం. వారమంతా కూర్చుని చేసింది అలా పోతే బాధపడాలి కదా, ఏ కోశానా బాధ ఉండేది కాదు. దిగేటప్పుడు మాటలన్నీ వచ్చే శనివారం విమానం గురించే.

* * *

డిగ్రీకి హైదరాబాద్ వచ్చాక ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో చేరాను. డ్రిల్ కోసమో, సర్టిఫికెట్ కోసమో, ఆదివారం ఇచ్చే టిఫిన్ కోసమో ఎవరి కారణం వాళ్లది. నేను ఏరోమోడలింగ్, అంటే బొమ్మ విమానాల తయారీ, ఉంటుందని చేరాను. ఎయిర్ వింగ్ క్యాడెట్లకి అది పాఠంలో భాగం. బాగా చేసినవాళ్లని ఆలిండియా వాయు సైనిక్ క్యాంప్‌కి పంపేవాళ్లు. మాకో ఇన్‌స్ట్రక్టర్ ఉండేవారు. పొట్టిగా, ఖాకీ చొక్కా జేబులో ఎప్పుడూ ఒక స్కేలుతో. వేళ్ల కొసలన్నీ సిమెంటు అంటి గట్టిపడి ఉండేవి. సిమెంటంటే ఇళ్లు కట్టేది కాదు, బాల్సా సిమెంటు, ట్యూబులో వచ్చే జిగురు.

మొదటి రోజు సార్ నా అరచేతిలో ఒక బాల్సా పలక పెట్టి కళ్లు మూసుకోమన్నారు. చేతిలో ఏమీ ఉన్నట్టే లేదు. ఘనపు మీటరు టేకు 600 కిలోల పైన తూగితే, బాల్సా 150 కిలోల దగ్గర ఆగుతుందట. ఈక్వెడార్ అడవుల్లో పెరిగే చెట్టు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ వాళ్ల మస్కిటో బాంబర్‌ని రెండు పల్చటి ప్లైవుడ్ రేకుల మధ్య ఈ బాల్సానే పెట్టి కట్టారని సార్ చెప్పారు. "సార్, మా ఊళ్లో పొణికి కూడా ఇలాగే ఉంటుంది" అన్నాను. "అయితే ఓ ముక్క పట్రా" అన్నారు. పండక్కి వెళ్లినప్పుడు తెచ్చిచ్చాను. గోటితో నొక్కి, తూచి, వాసన చూసి, "బాల్సా అంత తేలిక కాదుగానీ, ఉలికి భలే లొంగుతుందిరా ఇది" అని బల్ల సొరుగులో దాచుకున్నారు.

ఆ గదిలో పని ఎలా సాగేదో చెప్పకుండా ముందుకు వెళ్లలేను. ముందు ప్లాన్ కాగితం బల్ల మీద పరిచి, పైన మైనపు కాగితం వేసేవాళ్లం, జిగురు ప్లాన్‌కి అంటకుండా. టోపాజ్ బ్లేడుని కాగితం మడతలోనే సగానికి విరిచి, ఆ సగంతో బాల్సా కోసేవాళ్లం. రెక్క చట్రంలో పక్కటెముకల్లా నిలిచే రిబ్బులు విడివిడిగా కోస్తే ఒక్కటీ ఒక్కలా రాదు. అందుకని ముక్కలన్నీ కట్టగా పేర్చి, అటూ ఇటూ ప్లైవుడ్ అచ్చు పెట్టి, బోల్టులతో బిగించి, మొత్తం కట్టని ఉప్పు కాగితంతో రుద్దేవాళ్లం. బోల్టు విప్పితే పన్నెండో పద్నాలుగో రిబ్బులు, అన్నీ ఒకే పోత. ఆ కట్ట విప్పే క్షణం కోసం మాలో మాకు పోటీ ఉండేది.

చట్రం ఆరాక టిష్యూ కాగితం. అంటించినప్పుడు అంతా ముడతలు ముడతలుగా ఉండి గుండె జారిపోతుంది. నోట్లో నీళ్లు పట్టి తుంపరగా ఊది వదిలేయాలి. ఆరుతున్నకొద్దీ ముడతలు ఒక్కొక్కటే మాయమై, కాగితం బిగుసుకుంటుంది. ఆ పైన డోప్ పూస్తే ఇంకా బిగుస్తుంది. వేలితో మీటితే టంగుమంటుంది. ఆ బిగువుకి రెక్క మెలితిరిగిపోయే ప్రమాదం కూడా ఉంది కాబట్టి రాత్రంతా గుండుసూదులతో బల్లకి నొక్కి ఉంచాలి. సార్ తాళం వేసి వెళ్లేముందు వంగి ప్రతి రెక్కనీ ఒక కన్ను మూసి చూసేవారు. ఎవరిదైనా కొంచెం వంకరగా ఉంటే వాళ్లకి చెప్పకుండానే ఒక సూది అదనంగా గుచ్చి వెళ్లేవారు.

పని చేస్తూ కథలు చెప్పేవారు. ఆల్ఫోన్స్ పెనో అనే ఫ్రెంచి కుర్రాడు 1871లో పారిస్‌లోని ట్విలరీస్ తోటలో, మెలితిప్పిన రబ్బరుతో తిరిగే బుల్లి విమానాన్ని ఎగరేశాడట. 11 సెకన్లు. 1878లో రైట్ సోదరుల తండ్రి ఇంటికొస్తూ, అదే పెనో నమూనాని అనుసరించి చేసిన రబ్బరు హెలికాప్టర్ బొమ్మ పట్టుకొచ్చాడు. పిల్లలు అది విరిగిపోయేదాకా ఆడి, తర్వాత సొంతంగా చేసుకున్నారు. వాళ్లే పెద్దయ్యాక, 1903లో, మనిషిని మోసుకుని ఎగిరిన ఆ మొదటి ప్రయాణం 12 సెకన్లు. "పెద్ద విమానం బొమ్మ విమానాన్ని దాటింది ఒక్క సెకనేరా" అనేవారు సార్. 1977లో మనిషి కాళ్లతో తొక్కితే ఎగిరే గోసమర్ కాండర్‌ని తయారుచేసి క్రెమర్ బహుమతి గెలిచిన పాల్ మెక్‌క్రెడీ కూడా చిన్నప్పుడు మోడల్ విమానాల పోటీల్లో చాంపియన్. ఈ మాట చెప్పేటప్పుడు సార్ మొహం వెలిగిపోయేది.

ఇక ఇంజన్. కలకత్తాలో తయారయ్యే అరోరా డీజిల్ ఇంజన్ మా ఎన్‌సీసీ స్క్వాడ్రన్‌లో ఉండేది. గుప్పిట్లో ఇమిడేది. పేరుకి డీజిల్ గానీ దాని తిండి వేరు. ఈథర్, కిరసనాయిలు, ఆముదం, మూడూ సమపాళ్లు. ఈథర్ వాసన ఆసుపత్రిని, కిరసనాయిలు వంటింటి స్టవ్‌నీ గుర్తుచేసేవి. ఆముదం మాత్రం దీపావళి ముందురోజు తలంటికి అమ్మ మాడు మీద పెట్టి రుద్దే ఆముదమే. ఆ మూడు వాసనలు ఒక్క సీసాలో! ఆముదం ఇంజన్‌లో పూర్తిగా కాలదు. లోపల ఇనుముకీ ఇనుముకీ మధ్య జారుడుగా పనిచేసి, పొగతోపాటు బయటికి చిమ్ముతుంది. విమానం రెక్కలు, మా చేతులు, ఖాకీ ప్యాంట్లు, అన్నీ జిడ్డే. హాస్టల్‌లో నా బకెట్ పక్కన ఎవడూ బట్టలు నానబెట్టేవాడు కాదు.

ప్రొపెల్లర్‌ని వేలితో టప్పున తిప్పాలి. ఒకసారి కాదు, ఇంజన్‌కి బుద్ధి పుట్టేదాకా. పైనున్న స్క్రూ బిగించి, ఇంధనం వదిలే సూది వదులు చేసి, మళ్లీ తిప్పి. ఉన్నట్టుండి అందుకుంటుంది. వేలు సమయానికి తీయకపోతే గోరు నల్లబడుతుంది. అందుకున్నప్పుడు ఆ గోల గ్రౌండంతా వినిపించేది, పక్కవీధి పిల్లలు గోడెక్కి కూర్చునేవాళ్లు.

మేం ఎగరేసింది కంట్రోల్ లైన్ విమానం. రెండు సన్నటి ఉక్కు తీగలు, చేతిలో ఒక పిడి. పిడి వంచితే తీగ లాగి తోకరెక్క పైకో కిందకో కదులుతుంది. విమానం నా చుట్టూ గుండ్రంగా తిరుగుతుంటే దానితోపాటు నేనూ తిరగాలి. ఆకాశం, గోడ మీద పిల్లలు, వేపచెట్టు, సార్ టోపీ, మళ్లీ ఆకాశం. విమానం తప్ప మిగతాదంతా చెరిగిపోయినట్టు కనిపించేది. చేతికి మాత్రం దాని లాగుడు స్పష్టంగా తెలిసేది. ఇంధనం అయిపోయి ఇంజన్ ఠక్కున ఆగేది. ఆ నిశ్శబ్దంలో అది జారుతూ దిగేది. నేను నేల మీద కూలబడేవాణ్ని, కళ్లు తిరిగి, నవ్వుతూ.

* * *

తర్వాత బ్యాంకు ఉద్యోగం, బదిలీలు, అద్దెకొంపలు, పిల్లల చదువులు. అందరికీ ఉండేవే. ఆ ఏళ్ల గురించి ఇక్కడ చెప్పడానికి పెద్దగా లేదు. ఏ ఊళ్లో ఉన్నా పెళ్లిళ్లకి బెండు బాసికాలు కనిపిస్తే ఒకటి చేతిలోకి తీసుకుని బరువు చూడటం మాత్రం మానలేదు. బేగంపేట మీద దిగే విమానాన్ని తలెత్తి చూడటం కూడా. 2008లో విమానాలన్నీ శంషాబాద్ వెళ్లిపోయాక అదీ తగ్గింది. సార్ పోయారని చాలా ఆలస్యంగా, ఎన్‌సీసీ మిత్రుడొకడు ఫోన్ చేసినప్పుడు తెలిసింది.

* * *

బీరువా పాలిష్ ఆరిన రాత్రే ఫోన్‌లో వెతికి బాల్సా షీట్లు తెప్పించాను. పార్సిల్ విప్పుతుంటే మా మనవడు పక్కనే ఉన్నాడు, నాలుగో తరగతి. కళ్లు మూసుకోమని వాడి అరచేతిలో పలక పెట్టాను. "ఏం పెట్టావు తాతయ్యా?" అన్నాడు. కళ్లు తెరిచి చూసి, నమ్మకుండా, మళ్లీ మూసుకున్నాడు.

పెద్ద ప్లానులేవీ పెట్టుకోలేదు. చేత్తో విసిరే గ్లైడర్. ఒక రెక్క, ఒక పుల్ల, తోక. డైనింగ్ టేబుల్ మీద పాత పేపర్లు పరిచి కూర్చున్నాం. రెక్క ముందంచు గుండ్రంగా, వెనకంచు పల్చగా వచ్చేదాకా ఉప్పు కాగితంతో రుద్దాలి. రుద్దుతుంటే తెల్లటి పొడి, చేతుల మీద, కళ్లజోడు మీద, వాడి జుట్టులో. ఆ మెత్తదనం చేతికి తగిలేసరికి నాకు టైమే తెలియలేదు. భోజనానికి రెండుసార్లు పిలిచారట, మా ఇద్దరికీ వినపడలేదు. రెక్కని మధ్యలో సగం లోతుకి గీసి, మెల్లగా విరిచి, చివరలు పైకి లేచేలా అతికించాం. ఇప్పుడు ఫెవిక్విక్ ఉంది, క్షణంలో పట్టేస్తుంది. బాల్సా సిమెంటు ఆరేదాకా ఊపిరి బిగబట్టి పట్టుకునే రోజులు కావు.

ఆదివారం తెల్లారకుండానే కాలనీ పక్క స్కూలు గ్రౌండ్‌కి వెళ్లాం. ఆ వేళలో గాలి ఉండదు. వాడు విసిరాడు. లేచింది, తలెత్తింది, ఆగింది, జారిపడింది. వాడి మొహం మాడింది. "బాణానికి ముందు ములికి ఎందుకు పెడతారురా?" అని అడిగాను. వాడికి బాణం సంగతి బాగానే తెలుసు, వీడియో గేముల పుణ్యమా అని. జేబులోంచి బంకమట్టి తీసి వాడే ముక్కుకి అద్దాడు. రెక్కల ముందంచు నుంచి మూడోవంతు దగ్గర రెండు వేళ్ల మీద నిలబెట్టి చూశాం. ఈసారి తిన్నగా వెళ్లింది, కాస్త కుడికి లాగింది. దానికి సార్ నేర్పిన వైద్యం ఒకటుంది. తోక వెనకంచుకి నోరు దగ్గరగా పెట్టి వెచ్చటి ఆవిరి ఊదాలి. చెక్క మెత్తబడుతుంది. అప్పుడు వేళ్లతో వెంట్రుకవాసి వంచి, చల్లారేదాకా పట్టుకోవాలి. మనవడు "హా... హా..." అని ఊదుతుంటే నేను వంచాను.

ఆ తర్వాతి విసురుకి అది లేచిన తీరు చెప్పాలి. వాలుగా పైకెళ్లింది, పైన ఒక్క క్షణం ఆలోచించుకున్నట్టు నిదానించింది, ఎడమకి తిరిగింది. మా తలల మీదుగా ఒక పెద్ద చుట్టు. అప్పుడే పడుతున్న ఎండ టచ్ అయి రెక్క పసుపుగా మెరిసింది. నేను దాని వెనక పరుగెత్తాను. పరుగెత్తాలని అనుకోలేదు, కాళ్లే వెళ్లాయి. వాడూ నేనూ ఒకేసారి అరుస్తున్నాం. వాకింగ్ చేస్తున్న వాళ్లంతా ఆగి చూశారు. గోల్‌పోస్ట్ దగ్గర గడ్డి మీద మెత్తగా దిగింది.

వాకర్లలో ఒకాయన వచ్చి, "దీనికన్నా రిమోట్ విమానం కొనివ్వొచ్చు కదండీ, ఫోమ్‌వి రెడీమేడ్‌గా దొరుకుతున్నాయి" అన్నారు, మంచి మనసుతోనే. కొనొచ్చు. రిమోట్‌ది కూడా చాలా సరదాగా ఉంటుంది, నాకు దాని మీద ఏ కోపమూ లేదు. కానీ దీని సుఖం వేరు. చేయి వదిలాక మనం చేయగలిగిందేమీ లేదు. ముందురోజు బల్ల దగ్గర ఎంత ఓపిగ్గా రుద్దాం, ఎంత తిన్నగా అతికించాం, మట్టి ఎంత పెట్టాం, అదంతా ఆ కాసేపట్లో గాలే చెబుతుంది. మనం నిలబడి చూడటమే. అలా చేతులు దులుపుకుని తలెత్తి చూసే పని నాకు ఉద్యోగం మొత్తంలో ఎక్కడా దొరకలేదు. ఆయనకి ఇదంతా చెప్పలేదు. గ్లైడర్ చేతికిచ్చి "మీరొకసారి విసరండి" అన్నాను. విసిరారు. ఇంకోసారి అడిగి విసిరారు.

ఆ పూటే రెక్క విరిగింది, స్తంభానికి తగిలి. మనవడు నా వంక చూశాడు, తిడతానేమోనని. జేబులోంచి ఫెవిక్విక్ తీసి ఇచ్చాను. అతికించి మళ్లీ విసిరాడు.

ఇప్పుడు మా టేబుల్ మీద రబ్బరుతో ఎగిరేది తయారవుతోంది. పెనో చేసినట్టు ప్రొపెల్లర్ వెనక కాదు, ముందే పెట్టాం. రిబ్బులు కట్టగా పేర్చి రుద్దడం వాడికి వచ్చేసింది. టిష్యూ అంటించాం, నీళ్ల తుంపర కొట్టాం, ముడతలు ఒక్కొక్కటీ పోతుంటే వాడు కుర్చీ కదలకుండా చూశాడు. డోప్ కోసం పాలిష్ మేస్త్రికి ఫోన్ చేసి, మిగిలిన లాకర్ ఒక చిన్న సీసాలో పోయించుకున్నాను, పల్చన చేసి వాడటానికి. రబ్బరు తెగకుండా ఎక్కువ మెలికలు పడాలంటే ఆముదం రాయాలి. అది మాత్రం మా ఆవిడే వంటింట్లోంచి తెచ్చి ఇచ్చింది. హ్యాండ్ డ్రిల్‌కి కొక్కెం తగిలించి మెలికలు తిప్పడం మనవడి పని, విమానం పట్టుకోవడం నా పని అని నిన్న ఒప్పందం కుదిరింది. పక్క ఫ్లాట్ పిల్లలిద్దరు కూడా వస్తామన్నారు. వాళ్ల కోసం బాల్సా ఇంకో నాలుగు షీట్లు ఆర్డర్ పెట్టాను, శుక్రవారం వస్తుందట.